ఏడవ నిజాం విడిచి వెళ్లిన ఆస్తి

తండ్రి కన్నుమూసి నలభై రోజులు తిరగకముందే అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లు మన ప్రాంతంలో తక్కువేమీ కావు. తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు... ఎక్కడ చూసినా కథ ఒకటే. ఒక కొడుకు వ్యాపారంలోనో, కొల్లేటి వైపు చేపల చెరువుల్లోనో నష్టపోయి అప్పుల పాలవుతాడు. వాడి వాటా వాడు ఎప్పుడో తినేశాడని మిగిలినవారంటారు. ముందు ఇల్లు అమ్మి నా అప్పు తీర్చండని అతడంటాడు. ఈ రెండు మాటల నడుమ ఆడపిల్లల హక్కు ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ తగవు మనబోటి సామాన్యుల ఇళ్లకే పరిమితం అనుకుంటే పొరపాటు. ఒకనాడు ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపొందిన మనిషి ఇంటికీ ఇది తప్పలేదు. ఆయనే హైదరాబాద్ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. మన ఏలూరు సర్కారు కూడా ఒకప్పుడు ఆయన పూర్వీకుల ఏలుబడిలోనిదే. 1766లో జరిగిన ఒప్పందంతో అది ఇంగ్లీషు కంపెనీ పరమైంది.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886లో జన్మించారు. 1911లో తండ్రి మహబూబ్ అలీ ఖాన్ మరణించగా, పాతికేళ్ల వయసులో గద్దెనెక్కారు. ఆయన కాలంలోనే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. ఉన్నత విద్యను ఉర్దూలో బోధించిన ఘనత దానిది. హైదరాబాదుకు మంచినీరిచ్చే ఉస్మాన్ సాగర్, మంజీరా నదిపై నిజాం సాగర్ ఆయన ఏలుబడిలో కట్టినవే. 1937లో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఆయన చిత్రాన్ని ముఖచిత్రంగా వేసి, లోకంలో ఆయనే అందరికన్నా సంపన్నుడని రాసింది. అంత సంపద ఉన్నా పాత టోపీ, మామూలు దుస్తులతోనే ఆయన రోజులు గడిపేవారు.

ఆయన పెద్ద కుమారుడు ఆజం జా, రెండవ కుమారుడు మొఅజ్జం జా. ఈ అన్నదమ్ములిద్దరికీ 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఒకేసారి నికాహ్ జరిగింది. పెద్దవాని భార్య దుర్రెషెహ్వార్ చివరి ఉస్మానీ ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె. చిన్నవాని భార్య నీలోఫర్ కూడా ఆ వంశపు ఆడబిడ్డే. 1933లో ఆజం జాకు ముకర్రం జా జన్మించాడు.

తండ్రి పొదుపు పెద్ద కొడుక్కి అబ్బలేదు. విలాసాలు పెరిగాయి, వాటి వెంట అప్పులూ పెరిగాయి. పోయినవారి లోపాలను ఏకరువు పెట్టడం మన ఉద్దేశం కాదు. ఆ అప్పుల వల్ల తండ్రీకొడుకుల నడుమ పెరిగిన దూరం చరిత్రలో నమోదైనది కాబట్టి ఇక్కడ ప్రస్తావిస్తున్నాం. ఇంత సొమ్ము ఇతని చేతిలో పెడితే ఏమవుతుందోనని తండ్రి బెంగపడ్డారు. ఏ తండ్రికైనా అలాంటి బెంగ సహజమే.

1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్ సైన్యానికి లొంగిపోయింది. ఆ తరువాత నిజాం తన ఆస్తిలో చాలా భాగాన్ని ట్రస్టుల కింద పెట్టారు. వంశపారంపర్యపు నగలకూ 1951లో ఒక ట్రస్టు ఏర్పడింది. 1954లో ఆయన పెద్ద కొడుకును పక్కనబెట్టి, మనుమడు ముకర్రం జాను తన వారసునిగా ప్రకటించారు. కొడుకు బతికుండగానే పట్టం మనుమడికి దక్కింది.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో నిజాం కన్నుమూశారు. ఎదురుగా ఉన్న మస్జిదె జూదీ ఆవరణలో తల్లి సమాధి దగ్గరే ఆయనను ఖననం చేశారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో చౌమహల్లాలో ముకర్రం జా పట్టాభిషేకం జరిగింది. ఆజం జా 1970లో మరణించారు.

ఆ తరువాత జరిగినది గమనించండి. అప్పులకు భయపడి కొడుకును కాదని ఎంచుకున్న ఆ మనుమడు ఆస్ట్రేలియా వెళ్లి పెద్ద గొర్రెల క్షేత్రం కొన్నాడు. అక్కడ ఆయననూ అప్పులు, వ్యాజ్యాలు చుట్టుముట్టాయి. 1996లో ఆ దేశం విడిచి తుర్కీ చేరుకున్నాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణిస్తే, హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో ఖననం చేశారు. ట్రస్టు నగలను, 173 వస్తువులను, 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది.

లండన్ సొమ్ము సంగతి మరీ విచిత్రం. 1948 సెప్టెంబరు 20న నిజాం ఖాతా నుంచి పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. తన అనుమతి లేకుండా మార్చారని నిజాం అభ్యంతరం చెప్పగా ఆ సొమ్ము బ్యాంకులోనే నిలిచిపోయింది. 71 ఏళ్ల తరువాత, 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. సొమ్ము ఆజం జా ఇద్దరు కుమారులకు, భారత ప్రభుత్వానికి చెందుతుందని కోర్టు తేల్చింది. వెంటనే నిజాం సంతతిలోని ఇతరులు, తమకూ వాటా ఉందంటూ అదే కోర్టుకెక్కారు. 2020లో ఆ వాదన వీగిపోయింది.

రాజుల పట్టానికి, మన ఇంటి తర్కాకు, అంటే మరణించినవారు విడిచిన ఆస్తికి, ఒకే నియమం వర్తించదు. పట్టాన్ని 1971 వరకు ప్రభుత్వం గుర్తించేది. తర్కాను షరీఅత్ పంచుతుంది. షరీఅత్ ప్రకారం కొడుకు జీవించి ఉండగా మనుమడు వారసుడే కాడు. అతనికి ఏమైనా ఇవ్వదలిస్తే మూడోవంతుకు మించకుండా వసీయతు చేయవచ్చు. అంతేగాని అప్పు చేశాడన్న కారణంతో కొడుకు వాటా రద్దు కాదు.

దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలో అల్లాహ్ ఎవరి వాటా ఎంతో వివరించి, ఆ పంపకం వసీయతు, అప్పు తీరిన తరువాతనే అని స్పష్టం చేశాడు. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తరువాత మరణించినవారి అప్పు, తరువాత వసీయతు, చివరకు వాటాలు. భార్యకు మహర్ బాకీ ఉంటే అదీ అప్పే.

ఇక్కడే మన ఇళ్లలో లెక్క తప్పుతోంది. తండ్రి తన పేరున తెచ్చి కొడుక్కి ఇచ్చినా, అది తండ్రి అప్పే. దానిని తర్కా నుంచి తీర్చవలసిందే. తండ్రి కొడుక్కి అప్పుగా ఇచ్చి ఉంటే అది తర్కాకు రావలసిన బాకీ. అతని వాటాలో పట్టుకోవచ్చు. హిబాగా, అంటే కానుకగా, ఇచ్చి స్వాధీనం చేసి ఉంటే అది తర్కాలో కలవదు. వాడి వాటా వాడు తినేశాడనడం అప్పుడు చెల్లదు. అందుకే సంతానంలో ఒకరికే కానుక ఇస్తూ సాక్ష్యం కోరిన తండ్రికి దైవప్రవక్త (స) సాక్షిగా ఉండనన్నారు. ఇక కొడుకు బయట చేసిన అప్పు అతనిదే. దాని కోసం అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు చేయించడం అన్యాయం.

హజ్రత్ జుబైర్ (రజి) 22 లక్షల దిర్హముల అప్పుతో షహీద్ అయ్యారు. జనం ఆయన దగ్గర అమానతుగా సొమ్ము దాచబోతే, పోతే వారు నష్టపోతారని ఆయన దానిని అప్పుగానే రాసుకునేవారు. కుమారుడు అబ్దుల్లా (రజి) ఒక భూమి అమ్మి బాకీలన్నీ తీర్చారు. మిగిలిన వారసులు పంచమని పట్టుబట్టినా అంగీకరించలేదు. నాలుగేళ్లు వరుసగా హజ్‌లో, మా తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే రండని చాటింపు వేయించి, ఆ తరువాతే పంచారు. బహిరంగంగా లెక్క తేల్చిన ఇంట్లో నాలుగేళ్లలో పని ముగిసింది. గోల్కొండ వజ్రాలున్న ఇంట్లో తగవులు మూడు తరాలైనా ఆగలేదు.

కాబట్టి పెద్దలారా! బతికుండగానే లెక్క రాసిపెట్టండి. ఏ కొడుక్కి ఇచ్చింది అప్పో, కానుకో సాక్షుల ముందు తేల్చండి. సోదరులారా! అప్పుల్లో ఉన్న అన్నదమ్ముడి వాటా అతనికి ఇచ్చేయండి. ఆ తరువాత మీ వాటా నుంచి సాయం చేయదలిస్తే అది ఇహ్సాన్. అతను నిజంగా తీర్చలేని స్థితిలో ఉంటే మీ జకాత్ సొమ్ము కూడా ఇవ్వవచ్చు. అప్పుల పాలైన వాడు జకాత్ హక్కుదారులలో ఒకడు. రక్తసంబంధీకుడికి ఇస్తే దానం పుణ్యం, బంధుత్వం నిలిపిన పుణ్యం రెండూ దక్కుతాయి. అప్పు చేసిన సోదరుడా! నీ బాకీని అక్కచెల్లెళ్ల నెత్తిన రుద్దకు.

మన తల్లిదండ్రులు విడిచి వెళ్లిన ఆస్తి మనల్ని విడదీయకుండా, ఎవరి హక్కు వారికి అందజేసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.