పురి పెట్టిన తీగ – గ్రాహంబెల్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగి నెల దాటింది. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా నోట్ ఫైళ్ళూ, జీతాల బిల్లులూ రాసినవాణ్ణే గాని వ్యాసాలు రాసిన అలవాటు నాకు లేదు. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించ ప్రార్థన. నేను ఎంచుకున్నది అలెగ్జాండర్ గ్రాహంబెల్ గారి జీవితం. టెలిఫోన్ కనిపెట్టినవాడిగా ఆయనను బడి పిల్లలు కూడా ఎరుగుదురు. ఆయన చేసిన మరో పని గురించీ, ఆయనతో మా ఇంటికి ఉన్న ఒక పేచీ గురించీ చెప్పాలని ఈ ప్రయత్నం.

పేచీ సంగతి ముందు చెబుతాను. మా చెల్లెలికి మూడో ఏట పెద్ద జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఇంట్లో మేమంతా చేతులతోనే ఆమెతో మాట్లాడేవాళ్ళం. ముక్కుపుడక చూపిస్తే అమ్మ, మీసం దువ్వితే నాన్న, నుదుట అడ్డంగా మూడు వేళ్ళు గీస్తే పక్కింటి శాస్త్రి గారు. ఎనిమిదో ఏట ఆమెను దూరాన ఒక బధిరుల పాఠశాలలో చేర్పించారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఎంత పిలిచినా చేయి ముందుకు తీయలేదు. అక్కడ చేతులు ఆడిస్తే బెత్తంతో కొడతారని తరువాత తెలిసింది. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, నోటితోనే పలకాలి, అదీ అక్కడి నియమం. ఆ నియమం ఎక్కడ నుంచి వచ్చిందా అని వెతుకుతూ పోతే, చాలా ఏళ్ళ తరువాత నాకు గ్రాహంబెల్ గారి పేరు ఎదురైంది.

బాల్యం

గ్రాహంబెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించారు. తాతగారూ తండ్రిగారూ ఉచ్చారణ నేర్పే ఉపాధ్యాయులు. ఏ శబ్దానికి నాలుక, పెదవులు, గొంతు ఎలా ఉంచాలో బొమ్మల్లాంటి గుర్తులతో చూపే ఒక లిపిని తండ్రి మెల్విల్ బెల్ తయారుచేశారు. తల్లి ఎలైజాకు వినికిడి బాగా తక్కువ. అయినా ఆమె పియానో వాయించేది. కొడుక్కి మొదట సంగీతం నేర్పిందీ ఆమే. ఇతరులు ఆమె చెవి గొట్టంలోకి గట్టిగా అరిచేవారు. ఈ అబ్బాయి మాత్రం నుదుటికి దగ్గరగా నోరు పెట్టి మెల్లగా మాట్లాడేవాడు, లేదా వేళ్ళ గుర్తులతో అక్షరాలు చూపేవాడు. అంటే ఆయనకు చేతి భాష తెలియక కాదు.

ఆ ఇంట్లో క్షయ వ్యాధి ప్రవేశించి 1867లో తమ్ముడినీ, 1870లో అన్ననూ తీసుకుపోయింది. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో సముద్రం దాటి కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్ చేరుకున్నారు. మరుసటి ఏడు ఆయన అమెరికాలోని బోస్టన్‌కు వెళ్ళి బధిర బాలలకు మాట నేర్పే ఉపాధ్యాయుడయ్యారు. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. తన వృత్తి ఏమిటని ఎవరు అడిగినా, జీవితాంతం ఆయన బధిరుల ఉపాధ్యాయుణ్ణనే చెప్పుకున్నారు.

టెలిఫోన్

పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. ఒకే టెలిగ్రాఫ్ తీగ మీద ఒకేసారి అనేక తంతి వార్తలు పంపాలన్నది మొదటి ఆలోచన. ఇద్దరు శిష్యుల తండ్రులు, థామస్ సాండర్స్, గార్డినర్ హబ్బార్డ్, పెట్టుబడి పెట్టారు. థామస్ వాట్సన్ అనే చురుకైన మెకానిక్ తోడయ్యాడు. 1875 జూన్ 2వ తేదీన పక్క గదిలో వాట్సన్ ఒక లోహపు రేకును మీటితే ఆ ధ్వని తీగ వెంట వచ్చి బెల్ చెవిన పడింది. ధ్వని రాగలిగితే మాట కూడా రాగలదని ఆయనకు ఆ క్షణాన రూఢి అయింది.

1876 ఫిబ్రవరి 14న ఆయన పేటెంటు దరఖాస్తు దాఖలైంది. అదే రోజున ఎలైషా గ్రే అనే మరో శాస్త్రజ్ఞుడి పత్రం కూడా ఆ ఆఫీసుకే చేరింది. మార్చి 7న 1,74,465 నంబరు పేటెంటు బెల్ పేర మంజూరైంది. మరి మూడు రోజులకు, అంటే మార్చి 10న, వాట్సన్‌ను తన దగ్గరకు రమ్మని ఆయన పరికరంలోకి పిలిచిన పిలుపు పక్క గదిలో స్పష్టంగా వినిపించింది. ఆ తరువాత వందల కొద్దీ దావాలు పడ్డాయి. 1888లో అమెరికా సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తులు ఔనని, ముగ్గురు కాదని, బెల్ హక్కును ఖాయం చేసింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే మన పాఠ్యపుస్తకాల్లో వేరే పేరు ఉండేదేమో.

హబ్బార్డ్ గారి కుమార్తె మేబెల్‌కు ఐదో ఏట స్కార్లెట్ జ్వరంతో వినికిడి పోయింది. ఆమె బెల్ శిష్యురాలు. ఆయనకన్నా పదేళ్ళు చిన్నది. 1877 జులైలో వారి వివాహం జరిగింది. పది వాటాలు మాత్రం తన పేర ఉంచుకుని కంపెనీలోని మిగతా వాటాలన్నీ ఆమె పేర రాసి పెళ్ళి కానుకగా ఇచ్చారు. తల్లికీ భార్యకూ వినపడదు. ఆయన చేసిన యంత్రం లోకమంతా విన్నది గాని, ఆయన ఇంట్లో అతి దగ్గరి వారిద్దరికీ అది మూగదే.

రెండు తీగల కథ

ఇప్పుడు నేను చెప్పదలచిన రెండో పని. తొలి రోజుల టెలిఫోన్‌కు ఒకే ఇనుప తీగ. రెండో దారిగా భూమినే వాడుకునేవారు. పక్కనే పోయే టెలిగ్రాఫ్ తీగల చప్పుళ్ళు, పరాయి వారి సంభాషణలు ఆ ఒంటి తీగలోకి దూరేవి. తాకకుండానే ఒక తీగలోని విద్యుత్తు పక్క తీగలో అలజడి పుట్టిస్తుంది. మన ఆఫీసుల్లో నల్ల ఫోన్ల కాలంలో ఎవరిదో పెళ్ళి బేరం మన చెవిన పడిన అనుభవం సభ్యులు చాలామందికి ఉండే ఉంటుంది.

దీనికి బెల్ 1881లో పేటెంటు పొందిన విరుగుడు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. భూమిని వదిలి, పోవడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ పెట్టాలి. ఆ రెంటినీ తాడు పేనినట్టు పురి పెట్టాలి. మాట ఒక తీగలో అటు, రెండో తీగలో ఇటు ప్రవహిస్తుంది. బయటి చప్పుడు మాత్రం రెండింటి మీదా ఒకే వైపు పడుతుంది. పురి ఉండడం వల్ల ప్రతి తీగా ఒకసారి చప్పుడుకు దగ్గరగా, ఒకసారి దూరంగా వస్తుంది. మొత్తం మీద రెండింటికీ సమాన వాటా. అవతలి చివర పరికరం రెండు తీగల మధ్య తేడాను మాత్రమే వింటుంది. మన భాషలో చెప్పాలంటే, ఒకే మొత్తం జమ వైపూ ఖర్చు వైపూ రాస్తే నిల్వ సున్నా. చప్పుడు కొట్టుకుపోతుంది, మాట మిగులుతుంది. పైగా వైరు ఒక్కటే కొత్తగా కావాలి. ఆ తరువాత విద్యుత్ ట్రాములు వచ్చి గోల మరీ పెరగడంతో ఈ పద్ధతి తప్పనిసరి అయింది. ఇనుము పోయి రాగి వచ్చింది. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో 1882లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి.

ఆ 1881వ సంవత్సరం ఆయనకు కలిసిరాలేదు. జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. శరీరంలో గుండు ఎక్కడుందో తెలుసుకోవడానికి బెల్ రాత్రింబవళ్ళు శ్రమించి లోహాన్ని కనిపెట్టే పరికరం తయారుచేశారు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు గందరగోళం చేశాయి. వైద్యుడు కుడి వైపే వెతకనిచ్చాడు, గుండు ఎడమన ఉంది. సెప్టెంబరులో అధ్యక్షుడు కన్నుమూశారు. ఈ మధ్యనే ఆగస్టులో బెల్ దంపతులకు నెలలు నిండకుండా పుట్టిన కుమారుడు ఊపిరాడక మరణించాడు. ఆ దుఃఖంలోనే ఆయన కృత్రిమంగా ఊపిరి ఆడించే ఒక తొడుగును నిర్మించారు.

మా ఇంటి పేచీ

ఇంత సహృదయుడు 1883లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ముందు ఒక పత్రం చదివారు. బధిరులు బధిరులనే పెళ్ళాడుతూ పోతే చెవుడు ఒక జాతిగా స్థిరపడిపోతుందని అందులో భయపడ్డారు. వారిని ఒకచోట చేర్చే వసతి పాఠశాలలు, చేతి భాష, బధిర ఉపాధ్యాయులు, ఇవన్నీ అటువంటి పెళ్ళిళ్ళకు దారితీస్తున్నాయని, వీటిని తగ్గించాలని సూచించారు. అంతకు మూడేళ్ళ ముందే, 1880లో, మిలాన్ నగరంలో జరిగిన ఉపాధ్యాయుల మహాసభ చేతి భాషకన్నా నోటి మాటే మేలని తీర్మానించింది. దేశదేశాల బడుల్లో చేతులకు సంకెళ్ళు పడ్డాయి. ఆ సంకెళ్ళే ఎనభై ఏళ్ళకు మా చెల్లెలి దాకా వచ్చాయి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఎడ్వర్డ్ ఫే అనే పండితుడు దాదాపు నాలుగున్నర వేల బధిర వివాహాలను పరిశీలించి 1898లో గ్రంథం ప్రకటించాడు. అటువంటి దంపతుల పిల్లల్లో అత్యధికులు వినగలవారేనని తేలింది. ఆ గ్రంథాన్ని అచ్చువేసింది బెల్ గారే స్థాపించిన వోల్టా బ్యూరో. తన భయానికి ఎదురు నిలిచే లెక్కలను ఆయన దాచలేదు. ఆరేళ్ళ హెలెన్ కెల్లర్‌కు దారి చూపిందీ ఆయనే. ఆమె తన ఆత్మకథను ఆయనకే అంకితమిచ్చింది. మిలాన్ తీర్మానానికి మాత్రం విచారం తెలపడానికి 2010 దాకా, వాంకూవర్ మహాసభ దాకా పట్టింది.

మా చెల్లెలు కూడా తనలాగే వినికిడి లేని వ్యక్తినే పెళ్ళాడింది. మా నాన్నగారు రెండేళ్ళు ఒప్పుకోలేదు. పిల్లలు ఎలా పుడతారోనని భయం. నేనూ ఆయన పక్షమే వహించాను. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. మా మేనకోడలు పుట్టింది, చక్కగా వింటుంది, అమెరికాలో ఉద్యోగం చేస్తోంది.

బావగారు కాలం చేశాక చెల్లెలు మా ఇంట్లోనే ఉంటోంది. ప్రతి ఆదివారం కంప్యూటరు ముందు కూర్చుని కూతురితో చేతులతో మాట్లాడుతుంది. ఆమధ్య వైరు కొత్తగా వేయించాక బొమ్మ మాటిమాటికీ ఆగిపోసాగింది. మాటైతే ముక్కలుగా వచ్చినా పోల్చుకోవచ్చు, చేయి మధ్యలో ఆగితే వాక్యమే పోతుంది. రెండోసారి వచ్చిన కుర్రవాడు చివర విప్పి చూపించాడు. లోపల ఎనిమిది రాగి తీగలు, నాలుగు జతలు. ప్రతి జతకూ పురి. మొదట వచ్చినతను బిగించే సౌకర్యం కోసం ఆ పురిని రెండంగుళాలు విప్పేశాడట. పదమూడు మిల్లీమీటర్లకు మించి విప్పకూడదన్నది ప్రమాణం. నాలుగు జతలకూ పురి ఒకే తీరున ఉండదనీ, ఒకటి బిగువుగా ఒకటి వదులుగా ఉంటుందనీ, లేకపోతే జత మీద జత చప్పుడు చేస్తుందనీ అతడు చెప్పాడు.

ఆ తీగ ప్రమాణాలు నేను శ్రద్ధగా చదివాను. ఈథర్‌నెట్ అనే పద్ధతిలో పురి తీగల మీద 1990లో సెకనుకు కోటి సంకేతాలు పంపారు. 1995లో పది కోట్లు. 1999లో నాలుగు జతలనూ ఒకేసారి వాడి వంద కోట్లు, అదీ వంద మీటర్ల దూరం. 2006లో వెయ్యి కోట్లు. దానికి కేటగిరీ 6 తీగ యాభై అయిదు మీటర్ల వరకే పనికొస్తుంది, వంద మీటర్లకు 6ఎ కావాలి. 2016లో కేటగిరీ 8 తీగతో నాలుగు వేల కోట్లు, కాని ముప్పై మీటర్లే. వేగం పెరిగేకొద్దీ పురి మరింత నిక్కచ్చిగా ఉండాలి. సభ్యులకు ఒక సలహా. ఇంట్లో వైరు వేయించేటప్పుడు అల్యూమినియం మీద రాగి పూత పూసినది కాక, పూర్తి రాగి తీగే అడగండి. ప్రమాణాలు పూత తీగను ఒప్పుకోవు.

చివరి రోజులు

1915 జనవరిలో బెల్ న్యూయార్కులో, వాట్సన్ మూడు వేల మైళ్ళకు పైగా దూరాన శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని రాగి తీగ మీద మాట్లాడుకున్నారు. పాత పిలుపునే బెల్ మళ్ళీ పిలిస్తే, ఇప్పుడు రావడానికి వారం పడుతుందని వాట్సన్ నవ్వాడట. 1922 ఆగస్టు 2న, డెబ్బై అయిదేళ్ళ వయసులో, కెనడాలోని నోవాస్కోషియాలో తన ఇంట్లో బెల్ కన్నుమూశారు. అంత్యక్రియల వేళ అమెరికాలో టెలిఫోన్లన్నీ ఒక నిమిషం మౌనం పాటించాయి. అయిదు నెలలకు మేబెల్ కూడా వెళ్ళిపోయింది.

ఇదంతా రాసి చెల్లెలికి చూపించాను. ఆమె చదువుకున్నది. చేతి భాష వద్దన్న పెద్దమనిషి పేనిన తీగ మీదనే తాను చేతులతో కూతురితో మాట్లాడుతున్నదని ఆమెకు అర్థమైంది. కోపం వస్తుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, ఆయన వాళ్ళ అమ్మతో వేళ్ళతో మాట్లాడేవాడన్న వాక్యం దగ్గర వేలు పెట్టి చూపింది. తరువాత నుదుటి మీద చేయి ఆనించింది. ఆయనకు కొత్త గుర్తు పెట్టింది కాబోలు. మా ఇంట్లో ఇప్పుడు గ్రాహంబెల్ గారంటే అదే గుర్తు.