డొరొథియా డిక్స్

అమెరికాలో 1802లో జన్మించిన డొరొథియా డిక్స్ వృత్తిరీత్యా ఉపాధ్యాయిని. 1841 మార్చిలో ఈస్ట్ కేంబ్రిడ్జి చెరసాలలోని స్త్రీలకు మతబోధ చేయబోయిన ఆమెకు, ఏ నేరమూ చేయని మనోరోగులు నిప్పైనా లేని గదులలో చలికి వణకుతూ కనిపించారు. నాటినుండి మసాచుసెట్స్ రాష్ట్రమంతటా తిరిగి, బోనులలో, నేలమాళిగలలో, గొలుసులతో బంధింపబడిన అభాగ్యుల దుఃస్థితిని ఊరూరి పేరుతో సహా నమోదు చేసి, 1843లో శాసనసభకు విన్నపపత్రం సమర్పించింది. స్త్రీలకు ఓటుహక్కే లేని కాలమది! అయినా సభ కదిలింది. వూస్టర్ ఆసుపత్రి విస్తరణకు నిధులు మంజూరయ్యాయి.

నిరుపేద మనోరోగుల సంరక్షణకై కోటి ఎకరాల ప్రభుత్వభూమిని రాష్ట్రాలకు కేటాయించే బిల్లు 1854లో కాంగ్రెసు ఉభయసభలలోనూ నెగ్గింది. దీనజనపోషణ రాష్ట్రాల బాధ్యతే గాని కేంద్రానిది కాదంటూ అధ్యక్షుడు పియర్స్ దానిని తిరస్కరించాడు. ఆమె ఏళ్ల శ్రమ ఒక్క సంతకం లేక వ్యర్థమైంది. 1887లో, తన కృషితో వెలసిన ట్రెంటన్ ఆసుపత్రిలోనే ఆమె కన్నుమూసింది.