తలుపు తీసిన తల్లి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల వారికి వలస అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మేస్త్రీ వెంట ఊరు విడిచి, పరాయి చోట ఒకే కప్పు కింద రెండు మూడు కుటుంబాలు తలదాచుకోవడం మన పెద్దలు ఎరిగిన కష్టమే. పునీత మరియ గొరెట్టి కథ జరిగింది అలాంటి ఇంట్లోనే.

మరియ 1890 అక్టోబరు 16న ఇటలీలోని కొరినాల్డోలో జన్మించింది. పేదరికం వల్ల తల్లిదండ్రులు లుయీజీ, అసుంత పిల్లలతో ఊరు విడిచి, రోము నగరానికి దక్షిణాన చిత్తడి నేలల్లో పాలుకు సేద్యం చేశారు. 1900లో తండ్రి మలేరియాతో మరణించాడు. తల్లి పొలానికి వెళితే ఇంటిపని, చంటిపిల్లల బాధ్యత మరియదే. అదే ఇంట్లో సెరెనెల్లి అనే తండ్రీకొడుకులు ఉండేవారు. కొడుకు అలెస్సాండ్రోకు 20 ఏళ్లు.

1902 జూలై 5న అతడు ఆ బాలికను బలవంతం చేయబోయాడు. అది పాపమని ఆమె ఎదిరించింది. ఆగ్రహంతో అతడు 14 పోట్లు పొడిచాడు. మరునాడు నెత్తునో ఆసుపత్రిలో, 11 ఏళ్ల మరియ అతణ్ణి క్షమిస్తున్నానని, అతడు కూడా మోక్షంలో తన దగ్గర ఉండాలని చెప్పి కన్నుమూసింది.

అప్పటికి అలెస్సాండ్రోలో పశ్చాత్తాపం లేదు. 30 ఏళ్ల శిక్ష పడినా, జైలులో చాలాకాలం మొండిగానే ఉన్నాడు. ఒక రాత్రి కలలో మరియ అతనికి లిల్లీ పూలు అందించింది. ఆ తరువాతే అతని మనసు కరిగింది. 27 ఏళ్ల శిక్ష అనుభవించి 1929లో విడుదలయ్యాడు.

1934 క్రీస్తు జయంతి వేళ అతడు కొరినాల్డో వెళ్లాడు. అక్కడ విచారణ గురువుల ఇంట్లో పనిచేస్తున్న అసుంతను క్షమాపణ వేడుకున్నాడు. బిడ్డ క్షమించినవాణ్ణి తాను కాదనలేనని ఆ తల్లి క్షమించింది. ఆ పండుగనాడు ఇద్దరూ కలిసి దివ్యసత్ప్రసాదం స్వీకరించారు. 1950 జూన్ 24న పన్నెండవ భక్తినాథ పోపుగారు మరియను పునీతురాలిగా ప్రకటించినప్పుడు తల్లి అక్కడే ఉంది. కపూచిన్ మఠాలలో తోటపని చేసిన అలెస్సాండ్రో 1970 మే 6న మరణించాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా! ఇక్కడ ఎవరూ నేరాన్ని దాచలేదు, చిన్న తప్పుగా చూపలేదు. న్యాయస్థానం తన పని చేసింది. పసిపిల్లల మీద జరిగే దుర్మార్గాన్ని క్షమ పేరుతో కప్పిపుచ్చడం కరుణ కానేకాదు. అయినా, నేరస్థుడు మారకముందే క్షమ అతనికోసం బయలుదేరింది. అది అతని చేతికి అందడానికి 32 ఏళ్లు పట్టింది.

ఆగమన కాలం చెప్పేదీ ఇదే. మనం మంచివారమయ్యాక రావాలని దేవుడు ఆగలేదు. మన పాపంలోకే దిగివచ్చాడు. మనం చేయవలసింది అలెస్సాండ్రోలా తప్పు ఒప్పుకొని తలుపు తట్టడం. గట్టు తగాదాతో అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇళ్లు మనలో ఎన్ని లేవు? పశువులపాక అలంకరించే ముందు మనం ఎవరి తలుపు తట్టాలో, ఎవరికి తలుపు తీయాలో ఆలోచిద్దాం.