వీర బుక్కరాయలు: కరవు సీమకు చెరువు లిచ్చిన ప్రభువు

నల్లమాడ ప్రాంతమున పుట్టినవారికి నీటి విలువను వేఱొకరు బోధింప నక్కఱలేదు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల యొద్దనే తన బరువు దించుకొని వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, యిచ్చటికి చేరునప్పటికి డస్సిపోవును. రెంటి నడుమ చిక్కిన అనంతపుర పీఠభూమికి ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కును. అదియు కొలది పెద్ద వానలుగా పడి, వంకల వెంట పాఱి, మఱునాటికి కానరాకుండ పోవును. ఇట్టి నేలపై జనులు ఊళ్లు కట్టుకొని వందల యేండ్లు నిలిచిరన్నచో, పాఱు నీటిని పట్టి నిలిపిన మహనీయు లుండుటయే కారణము. వారిలో అగ్రగణ్యుడు విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయలు. నల్లమాడకు పొరుగున నున్న బుక్కపట్టణము నేటికిని ఆయన పేరు మోయుచున్నది.

బుక్కరాయలు సంగముని యైదుగురు కుమారులలో నొకడు. హరిహరుడు, కంపన, మారప్ప, ముద్దప్ప అనువారు తక్కిన సోదరులు. వీరి పూర్వోత్తరములను గూర్చి చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. ఓరుగంటి కాకతీయుల కొలువున నుండిరని కొందఱు, హొయసల ప్రభువుల సేవలో పైకివచ్చిరని మఱికొందఱు వ్రాసిరి. 1323లో ఓరుగల్లు పతనము కాగా దక్షిణదేశ మల్లకల్లోల మయ్యెను. ఆ కల్లోలములో నుండియే 1336లో తుంగభద్రా తీరమున విజయనగర రాజ్యము వెలసినదని పరంపరగా చెప్పుదురు. అన్న హరిహరుడు రాజ్య మేలుచుండగా బుక్కరాయ లాతనికి కుడిభుజమై వర్తించెను. 1356లో అన్న గతించిన పిమ్మట తాను సింహాసన మధిష్ఠించి, 1377లో తనువు చాలించువఱకు పరిపాలించెను.

ఆయన పాలనము యుద్ధములతో నిండినది. బహమనీ సుల్తాను మొదటి మహమ్మదు షాతో జరిగిన పోరాటములలో ఇరువైపుల అపారమైన జననష్టము కలిగెను. కుమారుడైన కుమార కంపన మధురను జయించెను. ఆ విజయమును కంపన దేవేరి గంగాదేవి సంస్కృత కావ్యముగా రచించెను. 1368లో జైనులకును వైష్ణవులకును కలహము పుట్టగా, ఉభయులను సమానముగ జూచి రాయలు తీర్పు చెప్పెను. ఆ తీర్పు శ్రవణ బెళగొళలో శాసనస్థమై యున్నది. సాయణుని వేదభాష్యమునకును, మన నాచన సోమన కవిత్వమునకును ఆయన యాదరము లభించెను. 1374లో చీనా దేశమునకు రాయబారము పంపెను. ఈ ఘనత లన్నియు గ్రంథములలో నున్నవి. చెరువులు మాత్రము నేలమీద నున్నవి. రైతునకు ముఖ్యమైనవి యివియే.

1364 ప్రాంతమున రాయల మంత్రి చిక్కవొడయరు పండమేరు వంకకు అడ్డముగ కట్ట వేయించి అనంతపురపు పెద్దచెరువును నిర్మించెను. ఆ చెరువు కట్టకు రెండు కొనలను వెలసిన యూళ్లలో నొకటి బుక్కరాయసముద్రము, రెండవది అనంతసాగరము. రెండవ పేరు రాణి అనంతమ్మ పేరని చెప్పుదురు. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణపు చెరువును ఆయన కాలము నాటిదే యని ప్రతీతి.

ఆ తరమువారు చెరువును ఎంత శాస్త్రీయముగ భావించిరో తెలియవలెనన్న, కడప మండలములోని పోరుమామిళ్ల శాసనమును చూడవలెను. 1369లో రాయల కుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట చెరువు కట్టించి, దాని విధానమును శిల మీద వ్రాయించెను. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు కావలెనని యందు కలదు. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి మన్నుగల నేల, తియ్యని నీటి యేఱు, కట్ట కిరువైపుల కొండలు, చేరువనే రాతిగని, పల్లమున సారవంతమైన పొలము, పనితెలిసిన జనము మొదలగునవి ఆ సాధనములు. అట్లే ఆఱు దోషములును చెప్పబడినవి: కట్ట నుండి నీ రూరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరెక్కువై నేల తక్కువగుట. ఈ చివరి రెండును మనసు పెట్టి చదువదగినవి. ఉన్న నీటికి తగిన సేద్యమే చేయవలెనను బుద్ధి అప్పటి వారికి కలదు.

ఆ పనిలో దినమునకు వేయిమంది మనుష్యులును, రాతిని తెచ్చుటకు నూఱు బండ్లును నియోగింపబడగా, రెండేండ్లకు చెరువు పూర్తియయ్యెను. ప్రభువు పేరు శిలమీద నిలిచినది. ఆ వేయిమందిలో ఒక్కని పేరును నిలువలేదు. మన సీమలో తరతరములుగా మన్ను త్రవ్వి, రాయి మోసి, కట్ట తీర్చిన ఒడ్డెరలు, ఉప్పరులు మున్నగువారి చెమటయే ఈ కీర్తికి పునాది. రాయలను స్మరించు నోట వారినిగూడ స్మరింపకుండుట అన్యాయము.

కట్టుట యొక యెత్తు, కాపాడుట మఱియొక యెత్తు. చెరువు కట్టించినవారికిని, దానిని మరామత్తు చేయువారికిని దశబంధమను మాన్యము లుండెడివి. పూడిక తీయుట, తూము సరిచూచుట, మరువను బాగుచేయుట ఆ మాన్యమునకు కట్టుబడిన విధులు. నీరుగంటి వంతులవారిగ పొలములకు నీరు వదలెడివాడు. చెరువు నిండిన కట్ట క్రింది బావులును నిండును. ఊరికి త్రాగునీరు చిక్కును. చెరువు తెగినచో కలుగు భీతి యెట్టిదో బుక్కరాయసముద్రపు ముసలమ్మ కథ చెప్పుచున్నది. తెగనున్న కట్టను నిలుపుటకై ఆ యింటి కోడలు ప్రాణ మర్పించెనని జనులు నేటికిని చెప్పుకొందురు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథనే కావ్యముగ రచించెను. సకాలమున కట్టను కాపాడుకొనని యూరు ఆడుబిడ్డ ప్రాణమును బలి యడిగినదని మన మా కథ నుండి గ్రహింపవలెను.

రాయల యనంతరమును ఆ దీక్ష ఆగలేదు. 1388లో ఆయన మనుమడైన బుక్కరాయలు పెనుగొండ ప్రజల నీటియెద్దడి దీర్పదలచి, సింగయభట్టను జలసూత్రజ్ఞునిచే పెన్నేటినుండి కాలువ త్రవ్వించి శిరువెర చెరువునకు కలిపించెను.

ఇప్పుడు మన స్థితి యేమి? 2022లో నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది; జిల్లా పేరు మాఱినను వాన మాఱలేదు. దశబంధములు పోయినవి, పూడిక నిలిచినది. చెరువును మఱచి గొట్టపుబావులను నమ్ముకొంటిమి. ఎంత లోతునకు పోయిన అంత ఖర్చు. పెక్కు చోట్ల ఫ్లోరైడు కలిసిన నీరు పండ్లను గారపట్టించి, ఎముకలను వంచుచున్నది. ఊరి మురుగును, చెత్తను వంకలోనికి వదలి, ఆ వంక నింపు చెరువును మనమే చెఱచుచున్నాము.

కావున ఈ సంచికను చదువు సోదర సోదరీమణు లొక్క సంకల్పము చేయుదురుగాక. కొత్త చెరువులు కట్టించు శక్తి మనకు లేకపోవచ్చును. కాని ఏటికొక మాఱు మన యూరి చెరువు పూడిక తీయుటకు, వంకలో ముండ్లకంప కొట్టుటకు, మురుగు చెరువున పడకుండ మఱలించుటకు, నీటికి మించిన పైరు పెట్టకుండుటకు చక్రవర్తులు రానక్కఱలేదు. బుక్కరాయలు ఆఱువందల యేండ్లకు పూర్వమే తన వంతు నెఱవేర్చెను. మిగిలినది మన వంతు.