ఆల్‌ఫ్రెడ్ వెగెనర్

భూమికి స్థిరయనియు, అచలయనియు నామములు గలవు. ఆ అచలయే చలించుచున్నదని సాక్ష్యములు కూర్చి లోకమునకు చాటిన మహనీయుడు వెగెనర్.

ఆయన 1880 నవంబరు 1వ తేదీన బెర్లిన్ నగరమున జన్మించెను. 1905లో ఖగోళశాస్త్రమున డాక్టరు పట్టమునందియు, వాతావరణ పరిశోధనకే అంకితమయ్యెను. 1906లో అన్నయగు కుర్ట్‌తో కలసి బెలూనునందు 52 గంటలకు పైగా ఆకాశయానమొనర్చి, నాటికి ఎవ్వరును సాధింపని ఘనత గడించెను.

1911లో మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున, అట్లాంటిక్ సముద్రమునకు ఇరుగట్లను ఒకే జీవజాతుల శిలాజములున్నవని తెలుపు రచన యొకటి ఆయన కంటబడెను. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరములు పగిలిన కుండపెంకులవలె ఒకదానితో నొకటి అమరుటయు ఆయన మనస్సున మెదలెను. గ్లోసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షము జాడలు ఆ ఖండములలోనేగాక, మన గోదావరి లోయ బొగ్గుపొరలలోను కలవు. అంత సముద్రమును ఆ చెట్లు ఎట్లు దాటెను? ఈ భూములన్నియు ఒకనాడు ఏకఖండమై యుండి పిదప విడిపోయెనని 1912 జనవరిలో ఆయన ప్రతిపాదించెను. యుద్ధమున గాయపడి విశ్రాంతి గొనుచు రచించిన గ్రంథమును 1915లో ప్రకటించెను.

పండితులు పెక్కురు ఆక్షేపించిరి. ఖండములను కదల్చు శక్తి యేదియని ప్రశ్నించిరి. ఆయన చూపిన కారణములు అంత కార్యమునకు చాలవని తేలెను. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయినను సాక్ష్యములు చెక్కుచెదరలేదు. ఆయన విసుగుచెందక గ్రంథమును మూడు మారులు సవరించి ప్రకటించెను.

1930లో గ్రీన్‌లాండు మంచుగడ్డ నడుమనున్న తోడి పరిశోధకులకు సామగ్రి చేర్పవలెనని ఘోరమైన చలిలో పయనించి వారిని కలిసికొనెను. తన 50వ జన్మదినమున, రాస్మస్ విల్లుమ్‌సెన్ అను గ్రీన్‌లాండువాసితో తిరుగుముఖమై, త్రోవలో అసువులు బాసెను. సహచరుడు శ్రద్ధతో పూడ్చిన ఆయన కాయము 1931 మేలో లభించెను. విల్లుమ్‌సెన్ జాడ మాత్రము తెలియలేదు.

1960 తరువాతి పరిశోధనలవలన అసలు మర్మము వెల్లడియయ్యెను. సముద్రగర్భ పర్వతశ్రేణులకడ క్రొత్త నేల పుట్టి ఇరువైపులకు జరుగుచున్నది. ఖండములు విశాల శిలాఫలకములలో భాగములై వానితో కదలును. చల్లారి బరువెక్కిన సముద్రఫలకము భూగర్భమునకు క్రుంగుచు, తక్కిన భాగమును వెంట లాగుకొనుటయే ఈ చలనమునకు ముఖ్యకారణము. సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట మన భూమి ఆసియాను ఢీకొనుటచేతనే హిమాలయములు లేచెను. నేటికిని ఏటికి కొన్ని సెంటీమీటర్లు ఉత్తరమునకు జరుగుచునే యున్నది.

గ్రంథాలయమున చదివిన యొక రచననుండి బలమందిన భావము అర్ధశతాబ్దమునకు ఫలించెను. అది చూచుటకు ఆయన లేడు. మన గ్రంథాలయమున పుస్తకము తెఱచు బాలబాలికలకు ఈ చరిత్రము జిజ్ఞాసను, ఓర్పును ఒసగుగాక!