యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణి వ్యాధిచే కొలది దినముల తేడాలో మరణించిరి. ఆ దుఃఖము నెదలో నిలుపుకొని, మదరాసులో వైద్యవిద్య ముగించి, అమెరికాకు వెడలి పరిశోధనలకు పూనుకొనెను. లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. అది స్ప్రూ రోగులకు ప్రాణాధారమయ్యెను.

ఆ యామ్లము కణముల వృద్ధికి అవసరము. కేన్సరు కణములకును అదియే యాధారము. కావున దాని పని నడ్డగించు ఎమినోప్టెరిన్ అను మందును ఆయన బృందము సమకూర్చెను. 1947లో బోస్టను నగరమున ఫార్బరు అను వైద్యుడు రక్తకేన్సరు సోకిన పిల్లలకు దాని నీయగా, కొందరికి వ్యాధి కొంతకాలము శమించెను. 1948లో సుబ్బారావు కన్నుమూసెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటు నేడు మెదడులో అరుదైన కణితులు గల కొందరు పసివారి చికిత్సలోను వాడబడుచున్నది. తన సోదరులకు అందని మేలు పరుల బిడ్డల కందినది.