కెంటకీ మార్గదర్శి డేనియల్ బూన్

ఏ దేశచరిత్ర అయినా రాజధానీ నగరాలలో మాత్రమే రూపుదిద్దుకోదు. అడవులు నరికి, బాటలు వేసి, బీడు భూములను పంటపొలాలుగా మార్చిన సామాన్యుల శ్రమ కూడ ఆ చరిత్రలో అంతర్భాగమే. అమెరికా చరిత్రలో అట్టి సామాన్యులలో ప్రసిద్ధుడు డేనియల్ బూన్. అపలేచియన్ పర్వతశ్రేణికి పడమట ఉన్న కెంటకీ ప్రాంతానికి వేలాది కుటుంబాలు తరలి రావడానికి దారి వేసినవాడు ఆయనే. ఆ ప్రాంతం మొదట ఒక కౌంటీగా, పిదప ఒక రాష్ట్రంగా అవతరించిన వృత్తాంతం ఆయన జీవితంతో పెనవేసుకొని ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనావిభాగం.

బూన్ 1734లో పెన్సిల్వేనియాలో ఒక క్వేకర్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి నేతపని, కమ్మరిపని చేసి కుటుంబాన్ని పోషించేవాడు. బూన్ బడిలో చదివింది స్వల్పం. అడవే ఆయనకు పాఠశాల అయింది. తుపాకి పట్టడం, జంతువుల జాడ తీయడం, రోజుల తరబడి ఒంటరిగా సంచరించడం ఆయనకు బాల్యంలోనే అలవడ్డాయి. తరువాత ఆ కుటుంబం ఉత్తర కరోలినాలోని యాడ్కిన్ నదీలోయకు వలస వెళ్లింది. 1755లో బ్రిటిష్ సైన్యంతో బండి తోలేవాడుగా యుద్ధయాత్రకు వెళ్లాడు. 1756లో రెబెకా బ్రయన్‌ను వివాహమాడాడు. ఆ దంపతులకు పదిమంది సంతానం. భర్త జింక తోళ్ల కోసం నెలల తరబడి అడవులలో తిరిగేవేళ ఇల్లూ పొలమూ నడిపిన భారమంతా రెబెకాదే.

పర్వతాలకు పడమట స్థిరనివాసాలు ఏర్పరచుకోరాదని ఇంగ్లండు రాజు 1763లో ప్రకటన చేశాడు. అయినా కొత్త భూములపై జనుల ఆశ చావలేదు. 1769లో బూన్ కొందరు మిత్రులతో కంబర్లాండ్ కనుమ దాటి కెంటకీలో ప్రవేశించాడు. దట్టమైన పచ్చిక, అడవిదున్నల మందలు, సారవంతమైన నేల ఆయన మనస్సును ఆకర్షించాయి. కాని అది ఎవరికీ చెందని భూమి కాదు. షానీ, చెరోకీ మొదలైన స్థానిక జాతులకు అది తరతరాల వేటభూమి. షానీలు బూన్‌ను పట్టుకొని, సేకరించిన తోళ్లను స్వాధీనం చేసుకొని, మరల రావద్దని హెచ్చరించి పంపారు. ఆయన ఆ హెచ్చరికను లెక్కచేయలేదు. 1773లో కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకొని బయలుదేరగా, మార్గమధ్యంలో జరిగిన దాడిలో పెద్దకుమారుడు జేమ్స్ మరణించాడు. ఆ పుత్రశోకంతో బృందం వెనుదిరిగింది.

1775 మార్చిలో రిచర్డ్ హెండర్సన్ అనే న్యాయవేత్త ట్రాన్సిల్వేనియా కంపెనీ పక్షాన చెరోకీ పెద్దల నుండి సుమారు రెండు కోట్ల ఎకరాలు కొన్నట్లు ఒడంబడిక చేసుకున్నాడు. చెరోకీలలోనే కొందరు యువనాయకులు దానిని వ్యతిరేకించారు. ఆ భూమికి బాట వేసే పని బూన్‌కు అప్పగించబడింది. సుమారు ముప్పైమంది గొడ్డళ్లు పట్టి చెట్లు, పొదలు నరుకుతూ సాగారు. దారిలో జరిగిన దాడులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. వారిలో బానిసగా బతికిన ఒక నల్లజాతి వ్యక్తి కూడ ఉన్నాడు. ఏప్రిల్‌లో కెంటకీ నది ఒడ్డున వారు కట్టనారంభించిన కోటయే బూన్స్‌బరో. మే నెలలో అక్కడ ఒక మహావృక్షం నీడలో వలసదారుల ప్రతినిధులు సమావేశమై చట్టాలు చేసుకున్నారు. వన్యమృగాలను విచక్షణ లేకుండా చంపరాదనే ప్రతిపాదన తెచ్చినవాడు స్వయంగా వేటగాడైన బూన్ కావడం విశేషం.

అయితే ఆ భూమిపై అధికారం ఎవరిది? కంపెనీదా, వర్జీనియాదా? హారడ్స్‌బర్గ్ నివాసులు హెండర్సన్ పెత్తనాన్ని అంగీకరించక, 1776లో జార్జ్ రోజర్స్ క్లార్క్, జాన్ గాబ్రియేల్ జోన్స్ అనే ఇద్దరిని వర్జీనియా ప్రభుత్వం వద్దకు పంపారు. వారి విజ్ఞప్తి ఫలించింది. ఆ ఏడాది డిసెంబరులో వర్జీనియా శాసనసభ ఫిన్‌కాసిల్ కౌంటీని విభజించి కెంటకీ కౌంటీని ఏర్పరచింది. హారడ్స్‌బర్గ్ దాని కేంద్రమయింది. న్యాయస్థానం, రక్షకదళం, శాసనసభలో ప్రాతినిధ్యం ఆ అటవీ ప్రాంతానికి లభించాయి. 1778లో కంపెనీ కొనుగోలును వర్జీనియా రద్దు చేయడంతో, కంపెనీని నమ్మి భూములు పొందినవారి హక్కులు ప్రశ్నార్థకమయ్యాయి.

కౌంటీ తొలినాళ్లు రక్తసిక్తమైనవి. 1776 జూలైలో బూన్ కుమార్తె జెమైమాను, మరి ఇద్దరు బాలికలను స్థానికులు అపహరించగా, మూడవనాడు ఆయన వారిని విడిపించి తెచ్చాడు. 1778 ఫిబ్రవరిలో బ్లూ లిక్స్ వద్ద ఉప్పు వండుతున్న తనవారిని, బలహీనంగా ఉన్న కోటను కాపాడదలచి, షానీలకు లొంగిపొమ్మని సహచరులకు నచ్చజెప్పాడు. షానీ నాయకుడు బ్లాక్‌ఫిష్ ఆయనను దత్తపుత్రునిగా స్వీకరించాడు. జూన్‌లో కోటపై దాడి జరుగనున్నదని గ్రహించి, బూన్ తప్పించుకొని సుమారు 160 మైళ్లు నాలుగు రోజులలో దాటి వచ్చాడు. సెప్టెంబరులో జరిగిన ముట్టడిని కోట తట్టుకొని నిలిచింది. అయినా సహచరులు కొందరు ఆయనపై ద్రోహం మోపారు. సైనిక న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా విడుదల చేసి మేజరు పదవినిచ్చింది.

1780లో కెంటకీ కౌంటీ జెఫర్సన్, లింకన్, ఫాయెట్ అనే మూడు కౌంటీలుగా చీలింది. ఫాయెట్‌లో బూన్ రక్షకదళాధికారిగా, శాసనసభ్యునిగా, షెరీఫ్‌గా సేవచేశాడు. 1782 ఆగస్టులో జరిగిన బ్లూ లిక్స్ యుద్ధంలో మరొక కుమారుడు ఇజ్రాయెల్ కన్నులయెదుటనే నేలకొరిగాడు. 1784లో జాన్ ఫిల్సన్ వ్రాసిన పుస్తకంతో బూన్ కీర్తి ఐరోపా వరకు పాకింది. 1790 జనగణన నాటికి కెంటకీ జనసంఖ్య 73 వేలు దాటింది. వారిలో 12 వేలకు పైగా బానిసలే. బూన్ కూడ బానిసలను కలిగి ఉన్నాడు. 1792లో కెంటకీ పదిహేనవ రాష్ట్రమయింది.

కీర్తి పెరిగింది కాని భూమి నిలువలేదు. నాటి సర్వేలలో చెట్లు, వాగులే సరిహద్దులు. ఒకే నేలకు నలుగురు హక్కుదారులు పుట్టుకొచ్చారు. పత్రాల వ్యవహారంలో నేర్పులేని బూన్ వ్యాజ్యాలలో, అప్పులలో తన భూములను పోగొట్టుకున్నాడు. 1798లో ఒక కౌంటీకి ఆయన పేరు పెట్టి గౌరవించిన రాష్ట్రంలోనే, అదే ఏడాది న్యాయస్థానానికి హాజరు కానందుకు ఆయనపై అరెస్టు ఉత్తర్వు జారీ అయింది. 1799లో ఆయన స్పెయిన్ పాలనలో ఉన్న మిస్సోరీకి తరలిపోయాడు. ఆ ప్రాంతం 1803లో అమెరికా వశం కాగా, అక్కడి భూములు కూడ చేజారాయి. 1814లో అమెరికన్ కాంగ్రెస్ కొంత భూమిని తిరిగి ఇచ్చినా, దానిలో అధికభాగం పాత అప్పులు తీర్చడానికే సరిపోయింది. 1820 సెప్టెంబరు 26న, 85 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశాడు.

నేడు కెంటకీలో 120 కౌంటీలున్నాయి. బూన్ వేసిన బాట వేలమందికి ఇల్లూ పొలమూ ఇచ్చింది. అదే బాట షానీ, చెరోకీ ప్రజలకు తమ వేటభూములను దూరం చేసింది. ఆయన ధైర్యాన్ని, సహనాన్ని మెచ్చుకొనేటప్పుడు, ఆ ప్రయాణానికి మూల్యం చెల్లించినవారిని కూడ స్మరించడం చరిత్ర విద్యార్థుల కర్తవ్యం.